గేటుకు అడ్డంగా బండి పెడితే: ఏ దారి ఎవరి దగ్గర పనికొస్తుంది

పోయిన మాఘమాసంలో ఒక రాత్రి పదకొండు కావొస్తుండగా నాన్న మంచం మీద లేచి కూర్చుని ఛాతీ రుద్దుకుంటున్నారు. చొక్కా చెమటతో తడిసిపోయింది. కారు తాళాలు తీసుకుని బయటికి పరుగెత్తి గేటు తీస్తే ఎదురుగా జానెడు దూరంలో ఒక తెల్ల కారు. మా వీధి మొదట్లో ఫంక్షన్ హాలు ఉంది, ఆ రోజు పెళ్లి. కారు డాష్‌బోర్డు మీద పసుపు బొట్లు పెట్టిన శుభలేఖ కనిపిస్తోంది గానీ మనిషి లేడు, ఫోన్ నంబర్ లేదు. అద్దం మీద కొట్టాను, బానెట్ మీద చరిచాను, మా కారు హారన్ ఆపకుండా మోగించాను. హాలులో డీజే మోతకు అది ఎవరికి వినిపిస్తుంది?

చివరికి ఎదురింటి బాబాయి గారు లుంగీ మీదే వచ్చి తన కారు తీశారు. నాన్నను చెరో పక్క పట్టుకుని, ఆ తెల్ల కారుకూ మా గోడకూ మధ్య ఉన్న సందులోంచి అడ్డంగా తిప్పి నడిపించుకుంటూ తీసుకెళ్లాం. ఆయన భుజానికి గోడ సున్నం అంటుకుంది. హాస్పిటల్లో స్టెంట్ వేశారు. ఇప్పుడు బాగున్నారు, పొద్దున్నే పార్కుకు వెళ్లి వస్తున్నారు. కానీ ఆ సందులో నడిపించిన నిమిషం మాత్రం నన్ను వదల్లేదు.

అప్పటి నుంచి ఈ గేటు సమస్య మీద నేను ప్రయత్నించని మార్గం దాదాపు లేదు. బోర్డు పెట్టాను, గొడవపడ్డాను, బతిమాలాను, పోలీసులకు ఫోన్ చేశాను, ఫొటోలు పంపాను. హైదరాబాద్‌లో ముప్పై అడుగుల రోడ్డున్న ఏ కాలనీలోనైనా ఈ బాధ ఉంటుంది. విజయవాడలో, వరంగల్‌లో ఉన్న మా చుట్టాలూ ఇదే చెబుతారు. అందుకే ఏ మార్గం ఎక్కడ పనిచేసిందో, ఎక్కడ చేతులెత్తేసిందో పోల్చి రాస్తున్నాను.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి: అడ్డం పెట్టింది గేటుకా, గోడకా? మనలో చాలామంది ఇంటి ముందున్న రోడ్డంతా మనదే అనుకుంటాం. ప్రహరీ గోడ దాటితే అది ప్రభుత్వ రోడ్డు. మన గోడ పక్కన ఎవరైనా బండి పెట్టుకుంటే, రాకపోకలకు అడ్డం కానంతవరకు, మనకు నచ్చకపోయినా గొడవపడే హక్కు లేదు. గేటు వెడల్పు మేరకు, బండి తిప్పుకోవడానికి కావాల్సిన కాస్త జాగా మేరకు మాత్రం చట్టం మన వైపే ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 122వ సెక్షన్ ప్రకారం, బహిరంగ స్థలంలో ఇతరులకు ప్రమాదం గానీ, అడ్డంకి గానీ, అనవసరమైన ఇబ్బంది గానీ కలిగేలా బండిని వదిలి వెళ్లకూడదు. 1989 నాటి రోడ్డు నియమాల్లోనే ఇళ్ల, ఆవరణల ప్రవేశద్వారాలకు అడ్డంగా పార్కింగ్ చేయకూడదని ఉంది. 2017లో వాటి స్థానంలో వచ్చిన డ్రైవింగ్ రెగ్యులేషన్స్‌లోనూ ఆ నిషేధం కొనసాగింది. అంటే మీ గేటు మీద 'నో పార్కింగ్' బోర్డు లేకపోయినా అక్కడ బండి పెట్టడం తప్పే. ఇది తెలిసి ఉంటే మాట్లాడేటప్పుడు గొంతు పెంచాల్సిన అవసరం రాదు.

ఇక అసలు ఎంపిక. నేను అందరిలాగే మొదట 'ఏం చేయాలి' అని ఆలోచించాను. ఆలోచించాల్సింది 'బండి ఎవరిది' అని. రోజూ మొహం చూసే పక్కింటివాళ్లదా, మళ్లీ కనబడని పెళ్లి చుట్టాలదా, పక్కన టిఫిన్ సెంటర్‌కు వచ్చేవాళ్లదా, వారం నుంచి కదలని దుమ్ము పట్టిన బండా? ఒకరి దగ్గర పనిచేసింది ఇంకొకరి దగ్గర ఎదురు తిరుగుతుంది.

పక్కింటివాళ్ల బండి అయితే

ఇందులో పోలీసు ఫోన్‌కు చివరి స్థానం, మాటకు మొదటి స్థానం. మా పక్కింట్లో రెండో కారు కొన్నారు. లోపల ఒకదానికే జాగా ఉంది, రెండోది సగం మా గేటు ముందుకు వచ్చేది. నేను మొదటిసారి మాట్లాడింది పొద్దున ఆఫీసుకు లేటయిన టెన్షన్‌లో, బండి అడ్డం ఉన్నప్పుడు, వీధిలో నిలబడి. ఆయన కూడా వీధిలో నలుగురి ముందు తగ్గలేకపోయారు. నెల రోజులు పలకరింపులు లేవు.

రెండోసారి ఆదివారం సాయంత్రం, బండి సరిగ్గా ఉన్న రోజున, వాళ్లింటికి వెళ్లి కూర్చుని మాట్లాడాను. నాన్న సంగతి చెప్పాను. "అంకుల్, మీ బండి ఎక్కడ పెట్టాలో నేను చెప్పను. మా గేటు స్తంభం దగ్గర నుంచి రెండడుగులు వదిలితే నాకు రివర్స్ తిరుగుతుంది. రాత్రిపూట నాన్నకు ఏదైనా అయితే మిమ్మల్నే లేపాలి కదా" అన్నాను. ఆయన టార్చి తీసుకుని బయటికొచ్చి, నేను కారు బయటికి తీస్తుంటే నిలబడి చూశారు. ముందు చక్రం ఎక్కడ ఇరుక్కుంటోందో కళ్లారా చూశాక ఆయనే సుద్దముక్కతో రోడ్డు మీద గీత గీశారు. ఆ గీత మీద తర్వాత ఇద్దరం కలిసి పసుపు పెయింట్ వేశాం. ఇప్పటికీ ఆ గీత దాటి ఆయన బండి రాలేదు.

ఒక్క జాగా విషయంలో మాటకు ఇంత బలం ఉంటుందని నేను అనుకోలేదు. అయితే మాట విఫలమయ్యే ఇళ్లూ ఉంటాయి. రెండు మూడుసార్లు నెమ్మదిగా చెప్పినా వినకపోతే కాలనీ సంక్షేమ సంఘం పెద్దలను ఇద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాలి. కాలనీ వాట్సాప్ గ్రూప్‌లో కారు ఫొటో పెట్టి అడగడం మాత్రం వద్దు. మూడొందల మంది చూస్తున్న చోట ఎవరూ తప్పు ఒప్పుకోరు. నేను ఒకసారి అలా పెట్టి, ఇంకొకరితో లేని తగవు తెచ్చుకున్నాను.

ఇంకో పద్ధతి అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఉంది. ఒక కారు ముందు ఇంకో కారు పెట్టాల్సి వస్తే హ్యాండ్‌బ్రేక్ వేయకుండా న్యూట్రల్‌లో వదిలి వెళ్తారు, వెనక వాళ్లు నెట్టుకుని తీసుకుంటారు. నేల చదునుగా ఉండే సెల్లార్‌లో ఇది చక్కగా నడుస్తుంది. వీధి రోడ్డుకు కొంచెం వాలు ఉన్నా దీని జోలికి పోకండి.

బోర్డా, పూలకుండీలా, కెమెరానా

తెలియనివాళ్ల బండ్లకు ఇవి మొదటి కాపలా. బోర్డులో ఏం రాశామన్నదే ముఖ్యం. 'ఇక్కడ బండి పెడితే గాలి తీయబడును' అన్న బోర్డులు మన వీధుల్లో ఎన్నో చూస్తాం. మా గేటు మీదా మొదట అదే ఉండేది. దాన్ని చదివి బండి తీసినవాళ్ల కంటే, రోషం తెచ్చుకుని పెట్టినవాళ్లే ఎక్కువ కనిపించారు. తర్వాత మార్చి ఇలా రాయించాను: 'ఇది వాడుకలో ఉన్న గేటు. ఇంట్లో గుండె జబ్బు ఉన్న పెద్దవారు ఉన్నారు. రాత్రీ పగలూ బండి బయటికి తీయాల్సి రావచ్చు.' కింద పెద్ద అక్షరాల్లో నా ఫోన్ నంబర్. చాలామంది పెట్టబోయి, చదివి, ముందుకు వెళ్లిపోవడం మా వరండాలోంచి చూశాను. తప్పక పెట్టినవాళ్లు కూడా ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి "సార్, పది నిమిషాలు, ఇక్కడే షాపులో ఉన్నాను" అని చెప్పారు. అలా చెప్పిన బండితో నాకు ఇబ్బంది లేదు. బోర్డు మీద రాత్రి వెలుతురు పడేలా చిన్న బల్బు పెట్టించండి. పెళ్లి బండ్లన్నీ చీకటి పడ్డాకే వస్తాయి.

రాళ్లు, పూలకుండీలు, ఇనుప గొలుసులు రోడ్డు మీద పెట్టడం బాగా పనిచేస్తుంది, ఒప్పుకుంటాను. కానీ నేను తీసేశాను. అది రోడ్డును ఆక్రమించడమే, ఫిర్యాదు వస్తే మున్సిపాలిటీ తీసుకెళ్లేది మన కుండీలనే. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. కరెంటు పోయిన రాత్రి బైక్ మీద వచ్చే కుర్రాడు ఆ రాయికి తగిలి పడితే ఆ పాపం మనదే. పెట్టాల్సే వస్తే రేడియం పట్టీ ఉన్న ప్లాస్టిక్ కోన్ ఒకటి, అదీ ఫంక్షన్ ఉన్న రోజు సాయంత్రం మాత్రమే, ర్యాంప్ అంచున పెట్టి రాత్రి తీసేయండి. ర్యాంప్ సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను: మన ర్యాంప్ రోడ్డు మీదికి నాలుగడుగులు పొడుచుకు వచ్చి ఉంటే, మన ఫిర్యాదు మీద వచ్చిన అధికారి ముందు దాన్నే చూస్తాడు. గేటు రెక్కలు కూడా లోపలికి తెరుచుకోవాలి. బయటికి తెరుచుకునే గేటుకు రెట్టింపు జాగా కావాలి, రోజూ గొడవే.

కెమెరా బండిని ఆపదు. ఎవరు, ఎన్నింటికి, ఎంతసేపు అన్నది రుజువుగా మిగులుస్తుంది. మీ సమస్య ఎప్పుడో ఒకసారిది అయితే ఆ ఖర్చు వద్దు. ఒకే బండి మళ్లీ మళ్లీ వస్తుంటే, లేదా మాట మాట పెరిగి బెదిరింపుల దాకా వస్తే పెట్టించుకోండి.

బండి నంబర్‌తో ఓనర్‌ను కనుక్కోవచ్చని చాలామంది ఎంపరివాహన్ యాప్ తెరుస్తారు. అందులో బండి మోడల్, ఏ ఆర్టీఏలో రిజిస్టర్ అయింది, ఇన్సూరెన్స్ ఉందా లేదా తెలుస్తాయి. ఓనర్ పేరు చాలా అక్షరాలు చుక్కలు పెట్టి కనిపిస్తుంది, ఫోన్ నంబర్ ఇవ్వరు. బండి మన కాలనీదా, ఎక్కడో జిల్లా నుంచి వచ్చిన పెళ్లి బండా అన్న అంచనాకు మాత్రం పనికొస్తుంది.

పోలీసులకు చెప్పాల్సి వస్తే

ఇక్కడ రెండు వేర్వేరు పనులున్నాయి. వీటిని కలిపేసుకుని నేను మొదట్లో చాలా విసుగు పడ్డాను. బండి ఇప్పుడు కదలాలా, లేక పెట్టినవాడికి జరిమానా పడాలా?

ఇప్పుడే కదలాలంటే 100 లేదా 112. ఫోన్ తీసినవాళ్లకు బండి నంబర్, రంగు, గుర్తుగా ల్యాండ్‌మార్క్, ఎందుకు అర్జెంటో ఒకే మాటలో చెప్పాలి. "మా గేటుకు అడ్డంగా కారు పెట్టారు" అంటే అది వాళ్ల వరుసలో వెనక్కి వెళ్తుంది. "గేటుకు అడ్డంగా కారు ఉంది, పేషెంట్‌ను తీసుకుపోవాలి" అంటే ముందుకు వస్తుంది. అర్జెంటు లేనప్పుడు ఉందని మాత్రం చెప్పకండి, నిజంగా ప్రాణం మీదికి వచ్చినవాళ్ల వంతు పోతుంది. పోలీసుల దగ్గర ఉండే సౌకర్యం ఏమిటంటే, రిజిస్ట్రేషన్ వివరాల నుంచి ఓనర్ నంబర్ తీసి ఫోన్ చేయగలరు. నా అనుభవంలో సగం బండ్లు ఆ ఒక్క ఫోన్‌తోనే కదిలాయి.

టోయింగ్ అన్నది అందరూ అనుకున్నంత సులభం కాదు. మోటారు వాహనాల చట్టంలోని 127వ సెక్షన్ ప్రకారం పార్కింగ్ నిషేధించిన చోట పెట్టిన బండిని, లేదా బహిరంగ స్థలంలో పది గంటలకు పైగా వదిలేసిన బండిని తీయించే, చక్రానికి లాక్ వేయించే అధికారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికి ఉంది. ఖర్చు ఓనర్‌దే. కానీ టోయింగ్ బండ్లు మెయిన్ రోడ్ల మీద తిరిగినట్టు కాలనీ సందుల్లోకి రావు. వారాల తరబడి కదలని పాత బండికి మాత్రం ఇదే సరైన దారి. ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా, తేదీలు కనిపించే ఫొటోలతో ఫిర్యాదు ఇవ్వాలి. మా వీధిలో టైర్లు నేలకు అంటుకుపోయిన ఒక వ్యాన్ అలాగే వెళ్లింది. ఆ స్టేషన్‌కు నాలుగుసార్లు తిరగాల్సి వచ్చింది.

జరిమానా కావాలంటే ఫొటో. హైదరాబాద్‌లో పోలీసుల హాక్ ఐ యాప్‌లో ట్రాఫిక్ ఉల్లంఘన ఫొటో పంపవచ్చు. నంబర్ ప్లేట్, మన గేటు రెండూ ఒకే ఫొటోలో పడాలి. ఒట్టి కారు ఫొటో పంపితే అది గేటు ముందు ఉందని ఎలా తెలుస్తుంది? ఇలాంటి సాధారణ ఉల్లంఘనలకు 2019 సవరణ తర్వాత చట్టంలో మొదటిసారి 500 రూపాయల వరకు, మళ్లీ చేస్తే 1,500 వరకు ఉంది. చేతికి వచ్చే చలాన్ ఎంతన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. చలాన్ ఎప్పుడో తర్వాత ఓనర్‌కు చేరుతుంది, ఈ రాత్రి మన గేటు తెరుచుకోదు. అందుకే దీన్ని పెళ్లి చుట్టాల బండి మీద వాడటం దండగ అంటాను. రోజూ అదే పని చేసే బండి మీద వాడితే ఫలితం ఉంటుంది.

కావాలని, కక్షతో బండి అడ్డం పెట్టి మనల్ని బయటికి పోనివ్వకపోతే అది వేరే నేరం. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 126వ సెక్షన్ కింద అక్రమంగా అడ్డగించినందుకు నెల వరకు సాధారణ జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆస్తి తగాదాల్లో, వాటాల గొడవల్లో అన్నదమ్ములు ఒకరి గేటుకు ఒకరు ట్రాక్టర్లు అడ్డం పెట్టుకునే ఊళ్లు మనకు తెలుసు. అలాంటి చోట స్టేషన్‌లో ఫిర్యాదు, దానితో పాటు సివిల్ కోర్టులో ఇంజంక్షన్, అంటే అడ్డుపెట్టకూడదన్న ఉత్తర్వు, తప్పదు. మామూలు పార్కింగ్ తగవుకు కోర్టు మాట ఎత్తకండి. లాయర్ ఫీజుతో, వాయిదాలతో అలిసిపోయేది మనమే.

గాలి తీయడం, అద్దాలు పగలగొట్టడం, తాళం చెవితో గీతలు గీయడం గురించి ఒక్క మాట. కోపంలో చెయ్యి అటే పోతుంది. నాకూ పోయింది. తెల్ల కారు ఓనర్ ఆ రాత్రి దొరికి ఉంటే ఏం చేసేవాడినో నాకే తెలియదు. కానీ గాలి తీసిన బండి మన గేటు ముందే ఇంకో మూడు గంటలు ఉంటుంది. పైగా ఇంకొకరి ఆస్తికి నష్టం చేసిన కేసు మన మీద పడుతుంది. తప్పు వాళ్లదైన చోట ముద్దాయిగా మనం నిలబడాల్సి వస్తుంది.

ఫంక్షన్ హాలు, హోటల్, షాపులు

ఇక్కడ బండి ఓనర్‌తో వాదించి లాభం లేదు, రేపు ఇంకొకడు వస్తాడు. మాట్లాడాల్సింది ఆ వ్యాపారం నడిపేవాళ్లతో. మా హాలు మేనేజర్ దగ్గరికి కాలనీ నుంచి ఆరుగురం వెళ్లాం. ఒక్కడినే వెళ్లినప్పుడు "పార్కింగ్ బోర్డు పెట్టాం కదా సార్" అని పంపించేసిన మనిషే, ఆరుగురిని చూసి కుర్చీలు వేయించాడు. మేం అడిగింది మూడే: ముహూర్తం ఉన్న రోజుల్లో మా వీధి మొదట్లో విజిల్‌తో ఒక వాచ్‌మన్, గేట్ల ముందు కోన్లు, మైకులో నంబర్ చదివి బండి తీయించడం. మూడోది అన్నింటికంటే బాగా పనిచేసింది. పెళ్లి మంటపంలో మైకులో తన కారు నంబర్ వినగానే లేచిరాని మనిషిని నేను చూడలేదు. మేనేజర్ నంబర్ ఇప్పుడు మా వీధిలో అందరి ఫోన్లలోనూ ఉంది.

వినని వ్యాపారమైతే అసలు మూలం చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012లో వచ్చి, తర్వాత తెలంగాణలోనూ కొనసాగిన భవన నియమాల ప్రకారం ఇలాంటి భవనాలు ప్లాన్‌లోనే పార్కింగ్ జాగా చూపించాలి. చాలా చోట్ల ఆ సెల్లార్ గోడౌనుగానో, కిచెన్‌గానో మారిపోయి, కస్టమర్ల బండ్లు వీధిలోకి వస్తుంటాయి. హైదరాబాద్‌లో అయితే జీహెచ్‌ఎంసీ (నగర మున్సిపల్ కార్పొరేషన్) టౌన్ ప్లానింగ్ విభాగానికి దాని మీద ఫిర్యాదు ఇవ్వవచ్చు, కాల్ సెంటర్ 040-21111111. వేగంగా తేలే పని కాదు, కాబట్టి సంఘం లెటర్‌హెడ్ మీద, నలుగురి సంతకాలతో ఇచ్చి రసీదు నంబర్ దాచుకోండి.

టిఫిన్ సెంటర్ విషయంలో నేను ఓడిపోయాననే చెప్పాలి. పొద్దున ఏడు నుంచి పది దాకా ఒక బైక్ పోతే ఇంకోటి. చివరికి సర్దుకున్నాను. ఆఫీసుకు పోయే బండిని ఆరున్నరకే బయటికి తీసి పక్క వీధిలో పెడుతున్నాను. తెల్లవారుజామున రైలో, విమానమో ఉన్నప్పుడు కూడా ముందు రాత్రే ఎవరి గేటుకూ అడ్డం కాకుండా చూసుకుని బండి బయట పెట్టేస్తాను.

ప్రాణం మీదికి వస్తే

పైవేవీ వద్దు. ఓనర్‌ను వెతకొద్దు, హారన్ కొట్టొద్దు. ఆ రాత్రి నేను వాటితోనే ఏడెనిమిది నిమిషాలు పోగొట్టాను. ఒకరు 108కి, ఇంకొకరు 100కి ఒకేసారి ఫోన్ చేయండి. అంబులెన్స్ గేటు దాకా రానవసరం లేదు, వీధి మొదట్లో ఆగి స్ట్రెచర్ వస్తుంది. అదే సమయంలో బయట బండి ఉన్న పొరుగువాళ్లు ఎవరో ముందే తెలిసి ఉండాలి. మా వీధిలో నాలుగు ఇళ్లవాళ్లం ఒకరి నంబర్ ఒకరం ఎప్పుడూ మోగేలా పెట్టుకున్నాం, సైలెంట్‌లో ఉన్నా మోగుతుంది.

ఇంకొకటి, మాకు డాక్టరు గారు తర్వాత చెప్పింది. ఛాతీ నొప్పి వచ్చిన మనిషిని నడిపించకూడదట. నాన్నను ఆ సందులో నడిపించామని చెబితే ఆయన ఒక్క క్షణం ఏం మాట్లాడలేదు. తర్వాత "ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మోయండి" అన్నారు. మా కారుకూ గోడకూ మధ్య కుర్చీ పడుతుందో లేదో ఆ ఆదివారమే కొలిచి చూశాను. చేతుల కుర్చీ పట్టదు, చేతులు లేనిది పడుతుంది. అలాంటిది ఒకటి కొని గేటు పక్కన మీటర్ బాక్సు కింద పెట్టాం. దాన్ని ఎవరూ అక్కడి నుంచి తీయరు.